విమానం చిన్న కంపెనీది, మాట పెద్ద కంపెనీది

నర్సీపట్నం నుంచి తుని వెళ్ళే నా బస్సు డిపోకు అద్దెకు నడుస్తుంది. బండి, డ్రైవరు నావి. రంగు, వేళలు, కండక్టరు డిపోవి. ఒప్పందం ముగియబోతోంది కాబట్టి ఈసారి సొంతంగా తిప్పుకునే టూరిస్టు బస్సు కొందామనుకున్నాను. హైదరాబాదులో ఒక పాత బండి ఉంది. మర్నాడు మధ్యాహ్నం రెండింటిలోగా ఎవరు ముందు వచ్చి చూసుకుంటే వారికే ఇస్తానన్నాడు దాని యజమాని. ఈ మాట నోరు జారి మా తోడల్లుడు సన్యాసినాయుడు గారితో అన్నాను. గొలుగొండలో ఆయనకు అప్పటికే రెండు టూరిస్టు బస్సులున్నాయి. మూడోది కూడా ఆయనకే కావలసి వచ్చింది.

తెల్లవారుజామున నాలుగున్నర బస్సెక్కి, అనకాపల్లి మీదుగా ఏడున్నరకు విశాఖ విమానాశ్రయం దగ్గర దిగాను. ఛార్జీ నూట ముప్పై. ఆయన కారులో వచ్చారు. ఇద్దరం ఎక్కాల్సింది తొమ్మిదిన్నర విమానమే. దాన్ని నడిపేది ఒక చిన్న కంపెనీ, ఒంటి మీద రంగులు మాత్రం పెద్ద కంపెనీవి. నేను చిన్న కంపెనీ దగ్గర మూడు వేల తొమ్మిది వందలకు టికెట్ కొన్నాను. ఆయన అదే విమానానికి ఆరు వందలు ఎక్కువ పెట్టి పెద్ద కంపెనీ దగ్గర కొన్నారు.

"ఏటి తమ్ముడూ, అసలోడ్ని ఒగ్గేసి అద్దెకి తిప్పేవోడి కాడ కొన్నావా? నీ జాతే కదా మరి," అని నవ్వారు.

ఎనిమిదిన్నరకు మా విమానం లేదని చెప్పారు. పెద్ద కంపెనీ దాన్ని మరో ఊరికి పంపమందట. తన టికెట్లున్నవారిని పదీ ముప్పావుకు వెళ్ళే తన సొంత విమానంలో సర్దింది. దాంట్లో ఇక సీట్లు లేవని నాకు సాయంత్రం నాలుగున్నరది ఇచ్చారు.

"విమానం మీదే కదమ్మా, పంపమని చెప్పలేరా?" అని చిన్న కంపెనీ కౌంటరులో అమ్మాయిని అడిగాను.

"విమానం, పైలట్లు మావేనండి. ఎప్పుడు ఎక్కడికెళ్ళాలో ఆళ్ళు సెప్తారు. మాకూ ఇప్పుడే తెలిసిందండి."

 జాతర రోజుల్లో డిపో నా బస్సును స్పెషల్‌గా పంపేస్తే, తుని స్టాండులో జనం మా డ్రైవరును ఇలాగే నిలదీస్తారు.

లోపలికి పోతూ తోడల్లుడు నా భుజం తట్టారు. "బండి సూసి ఫోన్ సేస్తాన్లే. నువ్వు బేగి ఇంటికెళ్ళు."

ఒకటిన్నరకు ఫోను వచ్చింది. ఇంజను బాగుందట, కొనేశారట. "మంచిదన్నయ్యా," అన్నాను. సాయంత్రం విమానం వద్దనుకుని ఇంటికి బస్సెక్కాను.

వారం తిరగకుండా డిపో ఒప్పందం మీద మళ్ళీ సంతకం పెట్టాను. ఆయన డబ్బు చూసి నేనెప్పుడూ కుళ్ళుకోలేదు. తన బండి ఎప్పుడు కదలాలో ఆయనే చెబుతారు. నా కడుపుమంటంతా దానికే, ఇప్పటికీ చల్లారలేదు. మీకొక సలహా: వేళకు చేరి తీరాల్సిన పనుంటే, విమానం ఎవరు నడుపుతారో చూసి కాదు, అది ఎప్పుడు ఎగరాలో ఎవరు చెబుతారో చూసి టికెట్ కొనండి.