మునెమ్మ పిల్లకాయల కోసం బంగారుపాళ్యానికి

బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీ యజమాని ఒకాయన పులిసిపోయిన నీళ్ళన్నీ ఊరి వంకలోకి, అంటే వాగులోకి, వదిలేశాడు. ఆపాల్సిన అధికారులు వచ్చి, ముక్కు మూసుకుని, జీపెక్కి వెళ్ళిపోయారు. ముందు ఈ మాట చెప్పి, తర్వాత దారి చెబుతాను.

లోకమంతా తిరిగి మంచి చేసేవాళ్ళని కలవాలని నా పట్టుదల. పాస్‌పోర్టు ఇంకా రాలేదు. లోకంలో మా జిల్లా కూడా ఉంది కదా అని ఇక్కడే మొదలుపెట్టాను. మొన్న తిరుపతిలో టీ బంకు దగ్గర ఒక లారీ డ్రైవరు అన్నాడు: "బంగారుపాళ్యంలో రోడ్డు పక్కన చెట్లు పెంచతా ఉండాదే మునెమ్మ, ఆయమ్మ పిల్లకాయలు వంక నీళ్ళకి సగంమంది పోయినారప్పా."

నా ఒళ్ళు మండింది. బిడ్డలు పోతే పేపర్లో ఒక్క ముక్క లేదా!

మర్నాడు పొద్దున ఆరుకే బస్సెక్కి, చిత్తూరులో పలమనేరు బస్సు మారి, తొమ్మిదిన్నరకి దిగాను. రెండు టికెట్లూ కలిపి రెండు వందల లోపే. దారిలోనే ఫ్యాక్టరీ. వాచ్‌మన్‌ని నిలదీశాను.

"మామిడి రసం కడిగిన నీళ్ళేలే అబ్బా, విషమా ఏమన్నా?"

"అయితే ఒక లోటా తాగి చూపించన్నా."

గేటు వేసుకున్నాడు.

మునెమ్మ వంక పక్కన బావి దగ్గర ఉంది. "పిల్లకాయలు యాడక్కా?" అన్నాను.

"ఈడనే. నీ కాళ్ళకాడ సూడు, తొక్కేవు!"

కవర్లలో మామిడి మొక్కలు. ఫ్యాక్టరీ పారబోసే టెంకలు ఏరి మొలిపిస్తుందట. సగం ఎండిపోయాయి, మిగతావాటి ఆకులు అంచులు మాడి ఉన్నాయి.

"మొక్కలా! మనుషులనుకుని ఉడికిపోతా వచ్చినానక్కా."

"మొక్కలని తెలిసినంక కోపం సల్లారిందా? అయితే పో, బస్సెక్కు."

చల్లారలేదు. "వంకలోకి నీళ్ళొదిలే గొట్టం మూసేదాకా గేటు ముందు ధర్నా చేద్దామక్కా!"

"సేద్దాంలే. అందాకా వీటికి నీళ్ళెవురు పోస్తారు, మీ నాయనా? బావి పులిసిపోయె. ఫ్యాక్టరీకి ఎగువనుంచి మంచినీళ్ళు తెచ్చే పాత కాలవ ఒకటుండాది, కంప పడి పూడిపోయింది. ఒక్కదాన్ని తవ్వలేను."

తిరుగు బస్సులో నేను చదివిన పోరాటాల కరపత్రాలన్నీ గుర్తుచేసుకున్నాను. ప్రజలు అని ఎన్నిసార్లు ఉందో! వంక పేరు, మొక్క పేరు ఒక్కదాంట్లోనూ లేవు. టెంకని పిల్లకాయ అనే మనిషికి ఊరి వంక ఊరిదే. ఆ యజమానికి అది సొంత మురుగు మోరీ. ఇది తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు కొరుక్కుంటున్నాను.

వచ్చేవాళ్ళకి ఒక మాట: బెంగళూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఊరి బయటే దించేస్తారు, పలమనేరు ఆర్డినరీ ఎక్కండి. తాగే నీళ్ళు ఇంటి నుంచే తెచ్చుకోండి.

ఈ ఆదివారం పొద్దున పది గంటలకి, మునెమ్మ బావి దగ్గర. ముందు కాలవ, తర్వాత గేటు. పార తెచ్చుకోండి. మొక్కలే కదా అనిపించినవాళ్ళు ఇంట్లోనే ఉండండి. కోపం చల్లారనివాళ్ళు బస్సెక్కండి.