వసారాలో మాటలు

పలాసలో జీడిపప్పు పొట్టు తీసే ఆడవాళ్ళ మధ్య ఒక కట్టుబాటు ఉండేది. వసారాలో పని దగ్గర కూర్చున్నంతసేపు ఎవరి కడుపులో ఉన్నది వాళ్ళు బయటపెట్టుకోవచ్చు. అత్త ఆరళ్ళయినా, మొగుడి తాగుడయినా, ఇంట్లో చెప్పుకోలేని జబ్బయినా సరే. ఆ మాటను గడప దాటించిన మనిషితో మర్నాటినుంచి ఎవరూ పలకరు. గోడవైపు తిరిగి ఒంటరిగా పొట్టు తీసుకోవాల్సిందే. జీడిపప్పు వ్యాపారి సూర్యారావు గారి ఇంటి వెనక వసారాలో అలా గోడవైపు తిరిగిన మనిషి నూకమ్మకు తెలిసి ఒక్కతే, అదీ ఏనాటి సంగతో.

నూకమ్మది జలంత్రకోట. నడక వచ్చినప్పటినుంచి తోటల్లో జీడిపిక్కలు ఏరింది. రామూర్తిని చేసుకుని పక్క ఊరికి వెళ్ళింది. అక్కడ రామూర్తికున్న జీడితోట చేజారిపోయాక మొగుడూ పెళ్ళాలు పలాస చేరారు. అతను సూర్యారావు దగ్గర బస్తాలు మోసేవాడు. ఆమె మొదట పిక్కలు కొట్టే పనిలో ఉండేది. పిక్కల్లోంచి కారే రసానికి వేళ్ళ చర్మం ఊడిపోతుంటే పొట్టు తీసే పనికి మారింది. పిల్లల్లేరు. అందుకే ఒకరి ముఖం ఒకరు చూసుకుని బతికారు. నూకమ్మ నోరు విప్పితే వసారా అంతా నవ్వేది. నవ్వు ఆగినా చేతులు మాత్రం ఆగకూడదు, లేకపోతే సాయంత్రానికి తూకం తగ్గుతుంది.

రామూర్తి కాళ్ళు వాయడం మొదలుపెట్టాక ఆమె అతన్ని విశాఖ తీసుకెళ్ళింది. ఉద్దానంలో పుట్టిన వాళ్ళకు కిడ్నీ జబ్బు గురించి వేరే చెప్పక్కర్లేదు. రక్తపరీక్షలో 'పాయింట్లు పెరిగాయి' అంటే చాలు, చిన్నపిల్లలు కూడా నోరు మూసుకుంటారు. డాక్టరు ఆమెను పక్కకు పిలిచి రెండు కిడ్నీలూ పాడయ్యాయని చెప్పాడు. ఆమె బయటకొచ్చి మొగుడితో, "నీ ఒంట్లో రకతం తక్కువుందంట మావా. బిళ్ళలేసుకుంటే సాలంట" అంది. అబద్ధం ఎందుకాడిందంటే రామూర్తి అన్న సన్యాసిరావు ఉన్నాడు చూశారూ, ఈ జబ్బని తెలిసిన రోజే కంచం తోసేశాడు. జబ్బు కంటే ముందు బెంగే అతన్ని తినేసింది. మొగుడు కూడా అలా మంచం పట్టకూడదని ఆమె పంతం.

పంతం నెగ్గినట్టే కనిపించింది. రామూర్తి రోజూ పొద్దున్నే లేచి, తువ్వాలు భుజాన వేసుకుని, "పోదామేటే" అనేవాడు. బస్తాలు మోసేవాడు. ఆయాసం వస్తే బీడీ వంకతో కాసేపు కూర్చునేవాడు.

అప్పుడే సూర్యారావుకు పప్పు తరిగిపోతోందని అనుమానం పట్టుకుంది. అల్లుడి చేత వసారా చూరుకు కెమెరా బిగించాడు. మొదటి వారమంతా ఆడవాళ్ళు కొంగు ముఖానికి అడ్డం పెట్టుకునే పనిచేశారు. మాటలు లేవు. చివరకు నూకమ్మ పక్కన కూర్చునే చిన్నతల్లి, "మాటలు మానడమెందుకే? పెళ్ళి కేసెట్టు సూడలేదేటి? అందరి నోళ్ళూ ఆడతాయి గానీ ఇనపడేది సినిమా పాటలే గదా" అంది. నిజమే! పెళ్ళి వీడియోలో మనిషి మాట వినపడగా ఎవరు చూశారు? కెమెరా అంటే బొమ్మ తీసేదని అందరూ ఒప్పేసుకున్నారు. దానికి చెవి కూడా ఉందని సూర్యారావు చెప్పలేదు. చెబితే ఇక పెట్టుకుని లాభమేముంది?

ఆ ధైర్యంతోనే నూకమ్మ ఒకనాడు చిన్నతల్లి దగ్గర గుండె బరువు దించుకుంది. ఏడుస్తూనే పొట్టు తీసింది.

నెల తిరిగేసరికి సూర్యారావు పనివాళ్ళందరినీ, హమాలీలతో సహా, హాల్లో టీవీ ముందు నిలబెట్టాడు. "దొంగ ఎవులో మీ నోటంటే ఇనిపిత్తాను" అన్నాడు. అల్లుడు మీట నొక్కాడు. ఎవరో అత్తను తిట్టిన మాట వచ్చింది. కొందరు కిసుక్కుమన్నారు. దొంగ మాట ఎక్కడుందో దొరక్క అల్లుడు ముందుకు తిప్పుతూ పోయాడు. హఠాత్తుగా హాలంతా నూకమ్మ గొంతు నిండింది.

"మా మావకి తెల్దే సిన్నతల్లీ. రెండు కిడ్నీలూ పోయాయంట. దినాలు లెక్కెట్టుకోమన్నాడు డాక్టరు. రకతం తక్కువని సెప్పి మోసం సేత్తన్నాను."

"ఆపండి బాబూ, మీ కాళ్ళట్టుకుంటాను!" అని నూకమ్మ అరిచింది. అల్లుడు కంగారులో ఏ మీట నొక్కాడో, అదే మాట మళ్ళీ మొదటినుంచి వచ్చింది. అందరి కళ్ళూ రామూర్తి వైపు తిరిగాయి. వాళ్ళ కళ్ళలో జాలి చూసి రామూర్తి తల దించుకున్నాడు. తువ్వాలు తీసి ముఖం తుడుచుకుని బయటికి నడిచాడు.

మర్నాడు అతను లేవలేదు. ఆ పై రోజూ లేవలేదు. గంజి పెడితే తల అడ్డంగా ఊపాడు. నూకమ్మకు ఒళ్ళు మండిపోయింది. పోలీసు స్టేషనుకు వెళ్తే, "ఆయనిల్లు, ఆయన కెమెరా. నీకేటి నొప్పి?" అన్నారు. టెక్కలి వెళ్ళి కోర్టు దగ్గర ఒక లాయర్ని పట్టుకుంది. పాపం, ఆయన చివరిదాకా విన్నాడు.

"దొంగతనంగా ఫోను వింటే చట్టం ఉందమ్మా. ఒంటిమీద బట్టల్లేని బొమ్మ తీస్తే దానికీ ఈమధ్యనే రాశారు. ఇంటాయన కెమెరాకి పనిమనిషి మాట చిక్కితే, ఏమని కేసు వెయ్యను?"

"నోరు నాది గదా బాబూ! నా మాట నా మొగుడి సెవిలో ఎయ్యడానికి ఆయనెవులు?"

"నువ్వన్నది న్యాయమే" అని లాయరు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. "రాయడానికి చోటు లేదు." పొట్టు తీసే ఆడవాళ్ళు చదువు లేకుండా పెట్టుకున్న కట్టుబాటును ఇంత పెద్ద దేశం ఇంకా రాసుకోలేదన్నమాట.

ఇంటికొచ్చేసరికి రామూర్తి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నూకమ్మ అతని వాచిన పాదాలు పట్టుకుని భోరుమంది.

"నీ దగ్గర దాసినాను మావా. తిట్టు, కొట్టు. అన్నం మాత్రం మానకు."

అతను నెమ్మదిగా ఇటు తిరిగాడు. కోపం లేదు.

"నాకు తెలుసే. ఇశాకలో నువ్వు మందులకెల్లినప్పుడే నర్సమ్మనడిగినాను. నీకు తెలిత్తే గుండాగి పోతావని నానే దాసినాను. నీకు తెల్దనుకునే రోజూ లెగిసి బత్తా ఎత్తినాను."

ఇన్నాళ్ళూ ఒకే గదిలో ఒకరి కోసం ఒకరు నటించారు, ఆ నటనే అతన్ని నిలబెట్టింది. నూకమ్మ అతని చెయ్యి పట్టుకుని లాగింది.

"అయితే రేపూ అలాగే లెగు మావా. నాకేటీ తెల్దనుకో."

"ఊరందరి ముందూ ఇనేసినాక ఎలాగనుకుంటానే?" అన్నాడు రామూర్తి. చెయ్యి వెనక్కి తీసుకుని మళ్ళీ గోడవైపు తిరిగాడు. ఆ తర్వాత నూకమ్మ అతన్ని లెమ్మనలేదు.