లూడో అక్కయ్య

మొన్న గుణదల వెళ్లే సిటీ బస్సులో, పక్క సీటావిడ ఫోన్లోంచి పాచిక దొర్లిన చప్పుడు వినబడింది. ఆరు పడిందని ఆవిడ సంబరపడుతుంటే నేను సీట్లోంచి లేచిపోయాను. రెండు స్టాపుల ముందే దిగిపోయి నడిచాను. లూడో అంటే భయపడే మనిషి ఈ బెజవాడ మొత్తమ్మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను.

అసలు నేను పుట్టు పిరికిదాన్ని. గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివరిదాకా వెళ్లి వెనక్కొచ్చే రకం. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో మోసాల గురించి వచ్చే ప్రతి మెసేజీ చదివి, మరో నలుగురికి పంపి, ఆ తర్వాత ఫోన్ మోగితే ఉలిక్కిపడతాను. అయినా ఆటల మీద నాకేం కోపం లేదు. మా చిన్నప్పుడు అమ్మలక్కలు అరుగు మీద అష్టాచెమ్మా గళ్లు గీసుకుని కూర్చుంటే లోపల పొయ్యి మీద పాలు పొంగిపోయేవి. దాన్ని వ్యసనమని ఎవరూ అనలేదు. అదే ఆట ఫోన్లోకి ఎక్కేసరికి సమాజం పాడైపోయిందని ఉపన్యాసాలు మొదలెట్టారు. నా భయమల్లా అవతల ఆడే మనిషి మొహం కనబడదనే.

మా వదినకి ఆ భయం లేదు. వదినంటే మా ఆయనకి అక్క. కింద వాటాలో ఉంటూ నేత చీరలు తెప్పించి ఇంట్లోనే అమ్ముతుంది. భోజనాలయ్యాక బేరాలు రాని వేళ ఫోన్లో లూడో ఆడేది. ఆడుతూనే అవతలివాళ్లతో మాట్లాడుకోవచ్చు కాబట్టి, వదినకి ఆటకన్నా ఆ కబుర్లే ఎక్కువ. అలా ఓ పెద్దావిడ పరిచయమైంది. మావైపు కొత్త మనిషి తగిలితే పేరు కన్నా ముందు ఊరూ ఇంటిపేరూ అడుగుతాం. ఆవిడది కూచిపూడి దాటాక ఉన్న ఓ చిన్న ఊరట. ఇంటిపేరు విని ఆరా తీస్తే, వదిన పెద్దమ్మగారి తోడికోడలి పుట్టింటివాళ్లదీ అదేనని తేలింది. ఇంకేముంది, అక్కయ్యా చెల్లాయీ అయిపోయారు. అసలు పేరు అడగాలని ఇద్దరికీ తోచనే లేదు.

ఓ మధ్యాహ్నం మెట్లు దిగుతుంటే వదిన గొంతు వినబడింది. "ఆదివారం మేమెవ్వరం ఇంట్లో ఉండం అక్కయ్యా, గన్నవరంలో పెళ్లుంది. తాళంచెవి ఎదురుగా ఇస్త్రీ బండాయనకిచ్చి వెళ్తాం." నా కాళ్లు మెట్టు మీదే ఆగిపోయాయి. లోపల గదినిండా చీరలు. అక్కయ్య పక్కన కూర్చుని ఎవరు వింటున్నారో, అసలు ఆవిడ అక్కయ్యేనో కాదో ఎవరికి తెలుసు? గబగబా లోపలికి వెళ్లాను.

"తెలియనివాళ్లకి ఇంటి సంగతులు చెప్తారా వదినా?" అన్నాను.

"తెలియకపోవడమేంటమ్మాయ్? ఊరు తెలుసు, ఇంటిపేరు తెలుసు. ఇంకేం తెలియాలి?"

ఏడ్చినంత పని చేశాను. వదిన ఏదో చెప్పబోయి, నా మొహం చూసి ఆగిపోయి, ఫోన్ నా చేతిలో పెట్టింది. అక్కడికక్కడే ఆ ఆట తీసేశాను. పెళ్లిలో నాకు ముద్ద దిగలేదు. తిరిగొచ్చేసరికి తాళం వేసింది వేసినట్టే ఉంది. నావల్లే ఇల్లు నిలబడిందని లోలోపల మురిసిపోయాను కూడా.

పది రోజుల తర్వాత చీరలు మడతపెడుతూ వదిన ఉన్నట్టుండి ఏడ్చేసింది. ఆ అక్కయ్యకి రొమ్ములో గడ్డ ఉందట. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. డాక్టరు పేరెత్తితేనే వణికిపోయే మనిషిని వదినే నెల్లాళ్లు ఆటలో బతిమాలి, బెజవాడ వచ్చి చూపించుకోవడానికి ఒప్పించిందట. పెళ్లయిన వారంలోనే గురువారం బస్టాండులో కలుసుకుని ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లాలనుకున్నారట. ఏ బస్సుకి వచ్చేదీ ముందురోజు ఆటలో చెప్తానందట. "ఎవరికీ చెప్పనని మాటిచ్చానమ్మాయ్. గురువారం పొద్దున్నుంచి సాయంత్రందాకా బస్టాండులోనే నుంచున్నా. మొహం తెలియదుగా, దిగిన ప్రతి పెద్దావిడనీ మీదే ఊరండీ అని అడిగా" అంది. ఆ రోజు చీరల పని మీద వెళ్తున్నానని నాతో చెప్పింది.

ఫోన్లోకి ఆట ఎక్కించుకోవడం వదినకి రాదు, నేనే మళ్లీ ఎక్కించి చూశాను. కొత్తగా మొదలైంది తప్ప పాత స్నేహాలేవీ రాలేదు. ఫోన్ నంబరిచ్చి ఆడి ఉంటే అవన్నీ తిరిగొచ్చేవట. ఏ ఆటకీ నంబరివ్వొద్దని అంతకుముందు వదినకి గట్టిగా చెప్పినదాన్నీ నేనే.

మర్నాడు పొద్దున్నే ఇద్దరం బస్సెక్కి ఆ ఊరు వెళ్లాం. ఆ ఊళ్లో సగం ఇళ్లకి అదే ఇంటిపేరు. గడ్డ మాట పైకి అనలేం. "లూడో ఆడే పెద్దావిడ ఇల్లు ఎక్కడండీ?" అని వీధి వీధీ తిరిగాం. మొదట్లో నవ్వారు. తర్వాత తలుపులు దగ్గరగా వేసుకోవడం మొదలెట్టారు. ఓ ఇంటి గేటు దగ్గర పడుచుపిల్ల మమ్మల్ని ఎగాదిగా చూసింది. వెనక గదిలో ఎవరో దగ్గుతున్నారు. వదిన మెడ చాచి లోపలికి చూడబోతే, ఆ అమ్మాయి గేటుకి గడియ పెట్టింది.

"ఇంటి సంగతులు తెలియనివాళ్లకి చెప్పమండీ. వెళ్లండి" అంటూ ఫోనెత్తి మా ఫోటో తీసింది. ఆ కళ్లలో భయం నాకు బాగా తెలిసిన భయమే. ఏమని కోప్పడను? మేం ఇల్లు చేరేసరికి ఆ ఫోటో మా కాలనీ గ్రూపులోకే వచ్చింది. ఇద్దరు ఆడవాళ్లు ఊళ్లమ్మట తిరుగుతూ పెద్దవాళ్ల వివరాలు అడుగుతున్నారు, జాగ్రత్త అని. మా ఆయన పడీపడీ నవ్వారు. వదిన ఆ ఫోటో ఒక్కసారి చూసి ఫోన్ బోర్లించేసింది.

మూడేళ్లయింది. వదిన నన్ను ఒక్క మాటన్నా అనలేదు. అదే నాకు ఎక్కువ భయం. ఆవిడ ఆసుపత్రికి వెళ్లిందా, ఇంట్లో చెప్పుకుందా, అసలు ఉందా, మాకు తెలియదు. అలాంటి గడ్డ విషయంలో ప్రతి రోజూ లెక్కేనంటారు డాక్టర్లు. ఆ ఆట తీసేయడానికి నాకు అర నిమిషం పట్టింది. దాంతోపాటు ఆవిడ ఆయుష్షులో ఎన్ని రోజులు తీసేశానో నాకెవరూ చెప్పరు.