అక్క ఎడమ చెప్పు

మా అక్క ఎడమ కాలు చిన్నప్పటి నుంచీ కొంచెం పొట్టి. ఆ కాలి చెప్పుకు మందమైన అడుగు ఉంటేనే నిటారుగా నడుస్తుంది. ఈ వానాకాలం ఆ అడుగు అరిగిపోయింది. నడుం పట్టేసి, తాండూరులో తన కుట్టు దుకాణానికి పోవడం మానేసింది. చెప్పులు చేసిచ్చిన ముసలాయన ఎప్పుడో పోయాడు.

వికారాబాద్‌లో ఒక పెద్ద చెప్పుల దుకాణానికి వాటిని తీసుకెళ్లాను. అక్కడి మనిషి చేత్తో ముట్టుకోలేదు.

"గివి పారేయుండ్రి సార్. గిప్పుడెవరు చెప్పులకు అడుగులు మారుస్తున్నరు? కొత్త జత కొనుండ్రి."

ఫోన్‌లో ఆ మాట చెబితే అక్క, "కాలు గూడ కొత్తది అమ్ముతడేమో అడుగు తమ్మీ," అంది.

నాకు నవ్వు రాలేదు. రెండు కాళ్లూ సమానంగా ఉన్నవాళ్లే మనుషులన్నట్టు ఆ దుకాణం గోడ నిండా జతలు. ఒక్కదానికీ కుట్టు లేదు, విప్పే దారి లేదు. అరిగితే చెత్తలో వేయాల్సిందే. పత్రికలో పనిచేసినన్నాళ్లూ ఎన్నో అన్యాయాలు రాశాను. ఇది ఒక్కసారీ నా కంట పడలేదు.

రబ్బరు షీట్లు అమ్మే కొట్టుకు పోయాను. కొట్టతను మెత్తటి షీటు చూపించి, పూలమీద నడిచినట్టుంటుందన్నాడు. గోరుతో నొక్కితే గుంట అలాగే నిలిచింది. అది నాలుగు రోజుల్లో అణిగితే అక్క ఎత్తు మళ్లీ తగ్గుతుంది. గట్టి షీటు, ఆకురాయి, సొల్యూషన్ డబ్బా కొని తాండూరు బస్సెక్కాను.

బావ బండల పాలిష్ యూనిట్‌లో పని చేస్తాడు. నేను భోంచేసి లేచేలోగా ముచ్చటపడి షీటునూ, పాత అడుగునూ అద్దంలా నున్నగా రుద్ది, సొల్యూషన్ పూసి అతికించేశాడు. మర్నాడు తడి వాకిట్లో అక్క అడుగు వేయగానే అతుకు ఊడి షీటు నాలుకలా వేలాడింది. గోడ పట్టుకోబట్టి పడలేదు.

"చెప్పును గూడ బండే అనుకున్నవా బావా?"

"గరుకుంటే మా దగ్గర బండ వాపస్ చేస్తరు. నున్నగ రుద్దుడే నాకెర్క," అన్నాడు నొచ్చుకుంటూ.

"జర ఇద్దరు కొట్లాడుడు ఆపి చెప్పు సూడుండ్రి," అంది అక్క.

నున్నటి దానిమీద సొల్యూషన్ పట్టదు కాబట్టి, ఆకురాయితో షీటునూ పాత అడుగునూ గీకి గరుకు చేశాం. సొల్యూషన్ రెండింటికీ పూసి, వేలికి అంటకుండా ఆరనిచ్చి, గట్టిగా అదిమి, పైన బండ ముక్క పెట్టాం. సాయంత్రం దాకా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

మరునాడు పొద్దున అక్క చెప్పులు తొడుక్కుని వాకిట్లో అటూ ఇటూ నడిచింది. భుజాలు సమంగా ఉన్నాయి. దుకాణం తాళంచెవి తీసుకుని బయల్దేరింది. మేమిద్దరం వెంట నడిచాం. ఆ వికారాబాద్ మనిషి మాట మళ్లీ గుర్తొచ్చి, దారంతా నేను బావ దగ్గర అతన్ని తిడుతూనే ఉన్నాను. అక్క మాకంటే చాలా ముందు పోతోంది.

వెనక్కి తిరగకుండానే అంది: "జల్ది నడువుండ్రి. ఇప్పుడు కుంటేది ఎవరు?"