రెండోసారి ఎవరూ ఎక్కరు

గార్నెట్ లస్క్ చనిపోయేదాకా రాత్రి తిండిని టీ అనేవాడు. కెనడాలో కూట్నీ లోయలో పుట్టి, అక్కడే పెరిగి, ఇంకో దేశం మొహం చూడని మనిషి. "టీ తిన్నావా పాల్యా?" అని అడుగుతుంటే కొత్తగా పనిలో చేరినవాళ్ళు ముసిముసిగా నవ్వేవాళ్ళు. టీ తినడమేమిటని వాళ్ళ నవ్వు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. గార్నెట్ మీద కాదు, ఆ మాట నేర్పి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయిన పిల్ల మీద.

మా కొండ పెద్దదేం కాదు. మంచు మీద జారేవాళ్ళని పైకి తీసుకెళ్ళడానికి ఒకే లిఫ్టు. జారుతూ కిందికొచ్చాక దారి రెండుగా చీలుతుంది. ఎడమకి తిరిగితే మళ్ళీ లిఫ్టు, కుడికి తిరిగితే బళ్ళు నిలిపే చోటు. మధ్యలో దట్టమైన చెట్లు, ఒక వైపు నుంచి రెండో వైపు కనపడదు. బళ్ళు నిలిపేచోట నా వంటపాక. రష్యా నుంచి వలసొచ్చిన మా దుఖబోర్ వాళ్ళు క్యాబేజీ, వెన్న వేసి కాచే బోర్ష్ చారు అక్కడ నా జీవితమంతా కాచాను.

వచ్చేవాళ్ళలో అమెరికావాళ్ళు, లండన్‌వాళ్ళు, ఆస్ట్రేలియావాళ్ళు, న్యూజిలాండ్‌వాళ్ళు ఉండేవాళ్ళు. అందరూ మాట్లాడేది ఇంగ్లీషే, తగాదాలన్నీ అందుకే. వేరే భాష అయితే మళ్ళీ అడుగుతారు, ఒకే భాష అయ్యేసరికి అర్థమైపోయిందనుకుంటారు. అమెరికా కుర్రాడొకడు ఈ కొండ భలే జబ్బుగా ఉందని అరిస్తే, అది మెచ్చుకోలని తెలియని లండన్ పెద్దాయన పాపం మాత్రల డబ్బా పట్టుకుని బయల్దేరాడు. మా వాడొకడు లండన్ ఆవిడతో "ప్యాంటు తడిసింది, మార్చుకోండి" అన్నాడు. వాళ్ళ దేశంలో ప్యాంటంటే లోపల వేసుకునేదట. ఆవిడ వాడి చెంప పగలగొట్టింది. అదంతా చూస్తూ గరిటె పట్టుకుని కడుపు చెక్కలయ్యేలా నవ్వేదాన్ని.

ఇవన్నీ పైకి వినపడే మాటలు. మా కొండ మీద వినపడని మాట ఒకటుంది. ఎవరూ "ఇదే ఆఖరుది" అనరు. అంటే ఆ జారుడులోనే ఏదో అయిపోతుందని భయం. సాయంత్రం అలసిపోయాక "ఇంకో రెండు" అంటారు, ఒకటి జారి తిన్నగా బండి దగ్గరికొచ్చేస్తారు. రెండోది ఎప్పటికీ మిగిలే ఉంటుంది. ఇది ఎవరూ ఎవరికీ నేర్పరు, ఊపిరి పీల్చడం నేర్పనట్టే. గార్నెట్ వాళ్ళ అన్నయ్య ఆల్డెన్ ఒకసారి ఆ వద్దన్న మాట అనేశాడు, నవ్వుతూనే అన్నాడు. అతని శవాన్ని చెట్లలోంచి మోసుకొచ్చిన వాళ్ళలో మా ఆయనా ఉన్నాడు. గార్నెట్‌కి అప్పటికి మీసాలు కూడా సరిగ్గా రాలేదు.

గార్నెట్ పని యంత్రంతో మంచు చదును చేయడం. జనం వెళ్ళిపోయాక మొదలయ్యే పని, ఒంటరి పని. అతనికి అది సరిపోయింది, నోట్లోంచి మాట ఊడిపడాలంటే తిథీ నక్షత్రం చూసుకునే రకం.

ఎనభై ఆరు చలికాలంలో న్యూజిలాండ్ నుంచి రోనా టిండాల్ వచ్చింది. జారడానికొచ్చిన వాళ్ళ చంటిపిల్లల్ని చూసుకునే ఉద్యోగం. వచ్చిన రోజే నా వంటపాకలోకి దూసుకొచ్చి, "వంటవాడి టోపీ ఒకటి ఇస్తావా? చెవులు గడ్డకట్టేలోగా టూక్ తెచ్చుకోమని ఆ గార్నెట్ చెప్పాడు" అంది. మేము టూక్ అనేది ఉన్ని టోపీని. వాళ్ళ ఊళ్ళో టూక్ అంటే వంటవాళ్ళు పెట్టుకునే తెల్ల బుట్టలాంటిదట.

"దానితో పైకెళ్తే నువ్వు తల మీద క్యాబేజీ మోస్తున్నావనుకుంటారు. ఇలా రా అమ్మాయ్" అని మా ఆయన ఉన్ని టోపీ నెత్తి మీద పెట్టాను.

ఆ వారమే గార్నెట్‌ని టీకి పిలిచింది. అతను ఇంట్లో శుభ్రంగా మాంసం, బంగాళాదుంపలు లాగించి, కప్పు టీ తాగుదామని వెళ్ళాడు. అక్కడ గొర్రె తొడ మొత్తం కాల్చి బల్ల మీద పెట్టింది. వాళ్ళకి టీ అంటే రాత్రి భోజనం. కాదనలేక మొత్తం తిని, మర్నాడు నా దగ్గరికి పొట్ట పట్టుకుని వచ్చాడు.

"చెప్పొచ్చు కదరా, తిన్నానని."

"అంత ఇష్టంగా వండింది పాల్యా. ఎలా చెప్పను?"

నాకు అప్పుడే అర్థమైంది సంగతి.

ఆ తర్వాత పనివాళ్ళ విందుకి ప్లేటు తీసుకురమ్మంది. అంటే ఏదైనా వండుకుని ప్లేటులో తెమ్మని. మావాడు నీలం అంచున్న ఖాళీ ప్లేటు ఒకటి తళతళలాడేలా తోమి పట్టుకెళ్ళాడు. అందరూ పడీ పడీ నవ్వారు. రోనా నవ్వలేదు. ఆ ప్లేటు తీసుకుని తన ప్లేటులోది సగం అందులో పెట్టి అతని పక్కనే కూర్చుంది. గార్నెట్ ఆ రాత్రి మాట్లాడిన మాటలు అంతకు ముందు ఏడాది మొత్తంలో మాట్లాడి ఉండడు.

ఆమె ఉద్యోగం లిఫ్టు ఆగేదాకా. పొద్దున్నో మధ్యాహ్నమో దొరికిన గంటలో మాత్రమే ఇద్దరూ కలిసి జారేవాళ్ళు. సాయంత్రం కొండ మీద జనం ఏమంటారో ఆమె ఎన్నడూ వినలేదు. ఇది నాకు తట్టలేదు, గార్నెట్‌కీ తట్టలేదు.

ఏప్రిల్‌లో కొండ మూసే రోజు వచ్చింది. రాత్రి బస్సుకి రోనా ప్రయాణం. పిల్లలెవరూ లేరు కనుక ఆ రోజు సాయంత్రం దాకా ఆమెకు సెలవే. పొద్దున్నే గార్నెట్ ఆ నీలం అంచు ప్లేటు పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"పిరాహీలు చేసిపెడతావా? బఠాణీవి, క్యాబేజీవి. రోనాని ఉండిపొమ్మని అడుగుతాను."

"ప్లేటు చూపించి అడుగుతావా?"

"ఈసారి ఖాళీగా తీసుకెళ్ళను" అన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

లోపల కూర పెట్టి కాల్చిన ఆ రొట్టెలు ప్లేటు నిండా పేర్చి, గుడ్డ కప్పి అతని ట్రక్కులో పెట్టాను. సాయంత్రం బోర్ష్ గిన్నెలు తోముతూ కిటికీలోంచి చూస్తే, అతను ట్రక్కులో కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో ప్లేటు. లిఫ్టు చప్పుడు ఆగిపోయింది. బళ్ళు ఒక్కొక్కటే వెళ్ళిపోయాయి. కొండంతా తిరిగి చూసొచ్చే కాపలావాళ్ళలో ఒకడు అటు వస్తే గార్నెట్ అద్దం దించి అడిగాడు.

"రోనా ఎక్కడుందో చూశావా?"

"ఇందాకే దిగిపోయింది. వెనక దారిన గదికెళ్ళి పెట్టె సర్దుకుంటోంది."

గార్నెట్ అద్దం ఎత్తేసుకున్నాడు. చీకటి పడ్డాక ప్లేటు తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. గుడ్డ కూడా తీయలేదు. "కుడికి రాలేదు పాల్యా. రాకుండా వెళ్ళిందంటే, అదే జవాబు" అన్నాడు. "గదికెళ్ళి అడగరా" అని మెడ పట్టి తోశాను. తల అడ్డంగా ఊపాడు. కాదన్నవాళ్ళ వెంట పడటం పరువు తక్కువని ఆ లోయలో మగవాళ్ళందరి పట్టుదల. ఆ రాత్రే రోనాని నోటికొచ్చిన తిట్లన్నీ తిట్టాను. ఆ తర్వాత ఏళ్ళ తరబడి తిడుతూనే ఉన్నాను.

గార్నెట్ మళ్ళీ ఎవరినీ చూడలేదు. చదును చేసే యంత్రం మారింది, యజమానులు మారారు, అతను మారలేదు. రెండు చలికాలాల కిందట యంత్రం మీదే గుండె ఆగింది. మనిషి ఎంత పద్ధతైనవాడంటే, పోయేముందు యంత్రాన్ని పక్కకి తీసి ఆపాడు. నా తోడబుట్టిన తమ్ముడు పోయినా అంత ఏడ్చి ఉండను.

పోయిన మార్చిలో వంటపాకలో కూర్చుని ఉన్నాను. ఇప్పుడు వంట మా మేనకోడలిది, నాది సణుగుడు. నెరిసిన జుట్టు మనిషి ఒకావిడ తలుపు తోసుకొచ్చి, "వంటవాడి టోపీ ఒకటి ఇస్తావా పాల్యా?" అంది.

నాకు నవ్వు రాలేదు. బోర్ష్ పెట్టించి ఎదురుగా కూర్చున్నాను. భర్త పోయాడట, కూతురు వ్యాంకూవర్‌లో ఉందట. కాసేపు అదీ ఇదీ చెప్పి, చివరికి గార్నెట్ ఎలా ఉన్నాడంది.

"పోయాడు. ఇన్నేళ్ళకి గుర్తొచ్చాడా?"

చెంచా కింద పెట్టింది. తర్వాత అంది, "నా మీద కోపమెందుకు? రానిది తను."

"ఎక్కడికి?"

"పైకి. కొండ మూసిన రోజు సాయంత్రం లిఫ్టులో చెప్పాను, పోయేముందు కొండ పైన నీకో మాట చెప్పాలని. తను 'ఇంకో రెండు' అన్నాడు. సరే, రెండోదాని పైన చెబుదామనుకున్నా. ఒకటి జారాం. నేను ముందున్నాను, తిరిగి ఎడమకెళ్ళి లిఫ్టెక్కాను. వెనకే వస్తున్నాడనుకున్నా. పైన బెంచీ మీద కూర్చున్నా పాల్యా. లిఫ్టు ఆపేసినా కూర్చున్నా. కాపలావాళ్ళు వచ్చి వెనక దారిన దింపారు."

కుర్చీ ఆమె దగ్గరికి లాక్కున్నాను.

"ఏం చెబుదామనుకున్నావు?"

"నాతో వస్తావా అని. రానంటే, నన్ను ఉండమంటావా అని. రానేరాని మనిషిని ఏమని అడగను?"

"రెండోసారి ఎవరూ ఎక్కరమ్మా" అన్నాను. నా గొంతు నాకే వినపడలేదు, మళ్ళీ చెప్పాల్సొచ్చింది. ఆల్డెన్ సంగతి చెప్పాను. ఆఖరు అనే మాట నోట రానివ్వక మావాళ్ళు ఏం చేస్తారో చెప్పాను. ప్లేటు సంగతి చెప్పాను, అందులో ఏమున్నాయో, ఎందుకు చేయించాడో. ఆమె చేతులు బల్ల అంచు పట్టుకున్నాయి. ఇన్నేళ్ళ నా తిట్లన్నీ నాకే తగిలినట్టయి, సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి.

"నా గురించి ఏమైనా అనేవాడా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "నీ పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు."

తల ఊపింది.

"కానీ రాత్రి తిండిని టీ అనేవాడు. పోయేదాకా. ఎంతమంది నవ్వినా మానలేదు."

అప్పుడు ఏడ్చింది రోనా. ఆపుకోలేదు, మొహం దాచుకోలేదు. మేనకోడలు లోపలి నుంచి తొంగిచూసి, చూడనట్టే వెళ్ళిపోయింది.

ఏడుపు తెరిపిన పడ్డాక లేచి, మంచు మీద జారే పలకలు అద్దెకి తీసుకుంది. ఆ వయసులో వద్దన్నాను, వినలేదు. పొద్దు వాలుతోంది. నేను వాకిట్లో నిలబడి చూస్తూనే ఉన్నాను. చాలాసేపటికి పైనుంచి నెమ్మదిగా జారుతూ వచ్చింది, దారి చీలిన చోట ఆగింది. చెట్ల అవతల లిఫ్టు ఇంకా తిరుగుతూనే ఉంది. ఆమె కుడికి తిరిగింది.

బళ్ళ మధ్యకొచ్చి నిలబడి, ఆ రోజు గార్నెట్ ట్రక్కు ఏ చోట నిలిపాడని అడిగింది. తీసుకెళ్ళి చూపించాను.