ఉతకని చొక్కా

డెబ్బైల చివర్లో మాట. మా ఆయనకు వరంగల్ మార్కెట్లో పసుపు వ్యాపారం. సాయంత్రం ఇల్లు చేరేసరికి చొక్కా నిండా పసుపు, గోనెసంచుల వాసన. మొదటిసారి నెల తప్పినప్పుడు ఆ వాసనకే కడుపులో తిప్పేది. పాపం, గుమ్మం బయటే చొక్కా విప్పేసి, స్నానం చేశాకే లోపలికి వచ్చేవారు. రెండున్నర నెలలప్పుడు ఒక పొద్దున ఆ వాసన నన్నేమీ చెయ్యలేదు. హమ్మయ్య అనుకుని రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను. వారం తిరక్కుండానే కడుపు పోయింది.

దవాఖానలో డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. కడుపు నిలిచిన కొత్తలో ఒంట్లో హార్మోన్లు రోజురోజుకూ పెరుగుతాయట. వాంతులకూ, రొమ్ముల సలుపుకూ, పట్టపగలే ముంచుకొచ్చే నిద్రకూ అవే కారణమట. లోపల బిడ్డ ఎదుగుదల ఆగి అవి పడిపోయి ఉంటాయని, అందుకే వికారం పోయి ఉంటుందని, నా తప్పేమీ లేదని అంది. తప్పు లేదంటే దుఃఖం తగ్గుతుందా? ఆ తరువాత నాలుగేళ్ళు నేను కోరుకున్నది చీరలూ కాదు, నగలూ కాదు, ఒక్క వాంతి. పక్కింటి కోడలు మురుగునీళ్ళు పోయే మోరి దగ్గర కక్కుకుంటుంటే అసూయతో ఒళ్ళు మండేది.

మళ్ళీ నెల తప్పింది. ఇక ఏ రోజు చొక్కా ఆ రోజు ఉతకనివ్వకుండా తలగడ కింద దాచుకునేదాన్ని. పొద్దున లేవగానే ముక్కుకు ఆనించుకోవడం, మోరి దగ్గరికి పరుగెత్తడం, కక్కుకుని నవ్వుకోవడం. మొగుడి మీద అంత మోజేందని అత్తమ్మ ఆటపట్టించేది. నేను చొక్కాను మళ్ళీ తలగడ కిందికి తోసేసేదాన్ని.

మూడో నెల రాగానే ఒక పొద్దున చొక్కా వాసన చూస్తే ఏమీ కాలేదు. మళ్ళీ చూశాను. అయినా ఏమీ లేదు. అక్కడే కూలబడి ఏడుస్తూ అత్తమ్మకు అంతా చెప్పేశాను. ఆమె వెంటనే రిక్షా పిలిచింది. డాక్టరమ్మ పరీక్ష చేసి, గర్భసంచి నెలకు తగ్గట్టే ఉందని, వికారం ఒకరోజు ఉండి ఒకరోజు పోవడం మామూలేనని, ఆగి చూడమని చెప్పింది. ఆగడమట! నాలుగేళ్ళుగా నేను చేస్తున్నది అదే కదా.

రెండు రోజులు ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు. మూడో పొద్దున అత్తమ్మ తానే చొక్కా పట్టుకొచ్చి నా మంచం మీద కూర్చుంది.

"జర ఇంకొక్కసారి సూడు బిడ్డా."

భయపడుతూనే ముక్కు దగ్గర పెట్టుకున్నాను. పేగులు నోట్లోకి వచ్చినట్టయింది. లేచే వ్యవధి లేక ఆమె చీర మీదే కక్కేశాను. మడిబట్టకు ఎవరి చెయ్యి తగిలినా ఇల్లు పీకి పందిరేసే మనిషి, కదల్లేదు. నా నుదురు అరచేత్తో గట్టిగా పట్టుకుంది. ఏడుస్తూనే అంది:

"కక్కు బిడ్డా. ఇంకా కక్కు."