కల్లూ, గొంతూ, మా అక్కా

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడు నేను కామారెడ్డిలో ఒక బట్టల దుకాణంలో పనిచేసేవాణ్ణి. అంతకుముందు ఎండాకాలం గత్తర, అదే కలరా, తగిలి నా భార్య పోయింది. ఆ తర్వాత గుడ్డ చించుతున్నప్పుడల్లా ఎవరో నన్ను తిడుతున్నట్టు వినబడేది. తలెత్తి చూస్తే ఎవరూ ఉండరు. "నువ్వే సంపినవ్" అనేది ఆ గొంతు. కల్లు తాగితే కాసేపు ఊరుకునేది. కల్లు చాలక సారా పట్టాను. నిషా దిగాక గొంతు ఇంకా పెద్దగా వచ్చేది.

ఒకరోజు దానితో కొట్లాడుతూ, కొనడానికి వచ్చినవాళ్ల మీదికి గుడ్డల తానులు విసిరానట. నన్ను దుకాణం ముందు కంబానికి కట్టేశారు. కబురు అంది ఎల్లారెడ్డి నుంచి మా అక్క, బావ బండి కట్టుకుని వచ్చారు. అక్క కట్లు విప్పుతుంటే చూసుకున్నాను, నా ధోవతి తడిసిపోయి ఉంది. ఆమె తన దుప్పటి నా నడుముకు చుట్టింది. బజారంతా చూస్తోంది. అది తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు ముడుచుకుపోతుంది.

ఎల్లారెడ్డిలో మంత్రగాడు, "ముందుగాల తాగుడు మానిపియ్యుండ్రి, అప్పుడే దయ్యాన్ని దించుత" అన్నాడు. అక్క అత్తగారేమో, "దయ్యం పోతే తాగుడు అదే పోతది" అంది. అక్క ఇద్దరికీ దండం పెట్టి, "రెండూ మా తమ్మునియే. రెండింటినీ నేనే జూసుకుంట" అంది.

తాగుడు లేక నా చేతులు వణికిపోయేవి. అక్కే జొన్నరవ్వ గటక కలిపి తినిపించేది. పెండ్లాన్ని కాటికి సాగనంపిన మొగవాణ్ణి, మేనకోడండ్లు చూస్తుండగా నోరు తెరిచేవాణ్ణి.

"గొంతు వస్తే నాకు జెప్పు తమ్మీ. కల్లుకు ఉరుకకు" అంది అక్క. చేనులోకి పోయి చెప్పేవాణ్ణి.

"అక్కా, వచ్చింది."

"ఏమంటుంది?"

"నేనే సంపిన్నంటుంది."

"గత్తరకు పోయింది పిల్ల. నేను ఆడనే ఉన్న గదా. రా, నాతోని కలుపు తియ్యి."

అయినా దసరాకు కన్నుగప్పి తాగి అంగడిలో పడిపోయాను. బావ నన్ను భుజాన వేసుకుని ఇంటికి మోశాడు. ఆయన రుమాలు ఊడి బురదలో పడితే జనం నవ్వారు. నాకు అప్పటికి తెలివి వచ్చింది. కళ్లు తెరిచే ధైర్యం లేక అట్లాగే వేలాడాను.

మరునాడు, "నన్ను కామారెడ్డిల ఇడిచిపెట్టు బావా" అని ఏడ్చాను.

"మల్ల పడితె మల్ల మోస్త బామ్మర్ది. గంత దూరం బోయి పడకు, గంతే" అన్నాడు.

ఆ తర్వాత తాగుడు మెల్లమెల్లగా వదిలింది. గొంతు సన్నబడింది గానీ పోలేదు.

ఆ మరుసటేడు బావ వాళ్ల దగ్గరి చుట్టాల పెండ్లికి నన్నూ తీసుకుపోయారు. బంతిలో ఒక ముసలామె నన్ను చూసి, "గా పిచ్చి తాగుబోతు వీడేనా?" అంది. వడ్డన ఆగింది. అక్క తన విస్తరి పక్కకు జరిపి, "మా తమ్ముడు. గీడ కూసుంటడు, జర జరుగవ్వా" అంది.

కూర్చున్నాను. చెవిలో గొంతు ఏదో అంటూనే ఉంది. తల ఎత్తలేకపోయాను. అన్నం మాత్రం అంతా తిన్నాను.